రావుబహదూరు గారి ఏడు రాళ్ళు

రాతి మీద బొమ్మ గీసేవాడు అన్నిటినీ తిరగేసి చూడడం నేర్చుకోవాల. స్వామి కుడిచెయ్యిని రాతి మీద ఎడమచెయ్యిగా గీస్తేనే కాగితం మీద కుడిచెయ్యి అవుతుంది. మద్రాసులో మూడేండ్లు ఆ పని నేర్చుకొని, యుద్ధం మొదలైన కొత్తలో చిత్తూరులో ఒక అచ్చాఫీసులో చేరినాను. అక్కడ రెండు రకాల సరుకు తయారయ్యేది. మామిడిపండ్ల బుట్టలకు అంటించే రంగుల చీటీలు, తిరుపతిలో అలిపిరి దోవ పొడుగునా అమ్మే దేవుడి పటాలు. చీటీ మీది మామిడిపండుకూ అమ్మవారి బుగ్గకూ ఒకటే ఎరుపు వాడేవాళ్ళం. ఎవరూ తప్పు పట్టలేదు.

మంచి పటం కావాలంటే ఒక్కో రంగుకూ ఒక్కో రాయి కావాల. నున్నగా నూరిన రాయి మీద కొవ్వు కలిసిన సిరాతో గీస్తాం. రాయిని తడిపి రంగు రోలరు దొర్లిస్తే, గీసినచోట మటుకే రంగు పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు. పసుపు రాయి మీద కాగితం వేసి తీస్తే పసుపు, దాని మీద ఎరుపు, దాని మీద నీలం. ఇట్ల ఏడు రాళ్ళు దాటితే స్వామి బయటికి వస్తాడు. కాగితం ఒక రాయి దగ్గర వెంట్రుకంత జరిగినా స్వామికి రెండు ముక్కులు.

ఆ రాళ్ళు నూరే పని ఒక పెద్దాయనది. నాకంటే పదేండ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి. రెండు రాళ్ళు ఒకదాని మీద ఒకటి బోర్లించి, నడుమ ఇసుక, నీళ్ళు పోసి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గుండ్రంగా తిప్పుతానే ఉండేవాడు. పాత బొమ్మ పూర్తిగా చచ్చిపోయిందా లేదా అని రాయిని వాసన చూసి చెప్పేవాడు. యుద్ధం వల్ల జర్మనీ నుంచి కొత్త రాళ్ళు రావడం ఆగిపోయింది కాబట్టి, ఉన్న రాళ్ళను బిడ్డల మాదిరి చూసుకునేవాడు.

నలభైరెండులో, క్విట్ ఇండియా అంటా లేచిన ఆగస్టు గొడవల్లో అన్నను పట్టుకున్నారు. బస్సులు ఆగేచోట కరపత్రాలు పంచుతా దొరికిపోయినాడు. పోలీసు లాఠీ దెబ్బకు ఎడమచేతి రెండు వేళ్ళు విరిగినాయి. కేసు విన్నది మా ఊరి ఆనరరీ మేజిస్ట్రేటు. జీతం లేకుండా తీర్పులు చెప్పే పెద్దమనిషి, మామిడితోటల ఆసామి, కలెక్టరు బంగళాకు పండ్ల బుట్టలు పంపడంలో ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడు.

"ఇవి యాడ అచ్చేసినావురా?" అని అడిగినాడంట.

"నాకు తెలీదు సామీ."

"ఎవురిచ్చినారు?"

"గాలికి కొట్టుకొచ్చినాయి సామీ."

మూడు నెలలు వేసినాడు. ఆ కరపత్రాలు మా అచ్చాఫీసులోనే, ఆదివారం తలుపులు మూసుకొని, మేమే అచ్చేసినాం. అన్న ఒక్క మాట చెప్పింటే ఓనరూ నేనూ కూడా వేలూరు జైలులో ఉండేవాళ్ళం. ఆ మూడు నెలలూ ఓనరు రోజూ గుడికి పోయినాడు. అన్న బయటికి వచ్చినాక పుత్తూరు పోయి ఎముకలు అతికేవాళ్ళ దగ్గర కట్టు కట్టించుకున్నాడు గానీ, ఆలస్యమైపోయింది. వేళ్ళు అతుక్కున్నాయి, కొంచెం వంకరగా. మళ్ళీ రాళ్ళ దగ్గరికి వచ్చి, "కుడిచెయ్యి బాగానే ఉండాదిలే" అన్నాడు.

ఆ మరుసటి సంవత్సరమే మేజిస్ట్రేటు గారికి రావుబహదూరు బిరుదు వచ్చింది. దానితోపాటు ఒక పతకం. గుండ్రంగా, అంచు చుట్టూ కిరణాలతో, రిబ్బనుకు వేలాడతా ఉండేది. ఆయన గుమాస్తా మా ఓనరు దగ్గరికి వచ్చి, "అయ్యగారి పటం రంగుల్లో కావాల. దేవుడి పటాలకు ఏం కాగితం వాడతారో అదే, ఏం రంగులు వాడతారో అవే. జిల్లాలో ప్రతి చావడిలో, ప్రతి బడిలో ఉండాల" అన్నాడు. కరపత్రాల భయం ఇంకా పోని ఓనరు, అడగకముందే తల ఊపేసినాడు.

మొదట నేను రంగుల్లో ఒక అసలు బొమ్మ వెయ్యాల. దాన్ని చూసి రాళ్ళ మీద గీయాల. వాళ్ళింటికి పోయినాను. ఎర్ర తలపాగా, నల్ల కోటు, ఎదమీద పతకం. వరండాలో ఎండ తగిలేచోట కూర్చోబెట్టి నాలుగు దినాలు గీసినాను. మొగం బాగా వచ్చింది. ఆయన దగ్గరికి వచ్చి చూసినాడు.

"పతకం బాగుండాది" అన్నాడు. "నా రంగు ఇది కాదు."

"అయ్యా, ఎండలో కూర్చున్నారు గదా..."

"ఎండ సంగతి కాదప్పా. కలెక్టరు పక్కన కూర్చున్నప్పుడు నేను ఏ రంగులో ఉంటానో, ఆ రంగు వెయ్యాల."

మా అచ్చాఫీసులో మనిషి ఒంటికి మూడే రంగులు తయారుగా ఉండేవి. అమ్మవార్లకు గులాబి, స్వాములకు నీలం, రాక్షసులకు గోధుమ. ఆయన నిజమైన రంగు మూడోదానికి దగ్గర, మంచి రంగే, గీసేవాడికి చేతినిండా పని పెట్టే రంగు. ఆయన అమ్మవారి గులాబిని ఎంచుకున్నాడు. నీలం అడగనందుకు మేం సంతోషించినాం.

గుమాస్తా ఇంకొక సలహా ఇచ్చినాడు. "మెడలో పూలమాల ఒకటి గీస్తే నిండుగా ఉంటుంది." గీసినాను. చామంతులు, నడుమ నడుమ మరువం. రాతి మీద చుక్కలు చుక్కలుగా ఆ పూలమాల గీయడానికే వారం పట్టింది. ఏడు రాళ్ళూ అన్నే నూరినాడు. తనకు జైలు వేసిన మనిషి మొగం కోసం రాయి అద్దం మాదిరి నున్నగా చేస్తా ఉంటే చూడలేక, "నీకు కష్టంగా లేదా అన్నా?" అని అడిగినాను.

"రాయికి ఏం తెలుసప్పా? గరుకుగా వదిలిపెడితే నా పని చెడిపోయిందంటారు, ఆయన మొగం చెడిపోయిందనరు" అన్నాడు.

మొదటి కాగితం వచ్చినప్పుడు, నిజం చెప్పాలంటే, మేం గర్వపడినాం. ఏడు రంగులూ వెంట్రుకంత కూడా జరగకుండా కూర్చున్నాయి. పైన వార్నిషు పూసినాం. పతకం పట్టుకుంటే చేతికి వస్తుందేమో అనిపించింది. ఆరిన కాగితం చుట్టి వాళ్ళింటికి తీసుకొనిపోయినాను. ఆయన లేడు. ఇంటి అమ్మగారు కండ్లజోడు పెట్టుకొని చూసినారు.

"ఈ యప్ప ఎవురు నాయనా?"

"అయ్యగారే అమ్మా."

ఆమె ఇంకొకసారి దగ్గరగా చూసినారు. "మా పెండ్లినాడు పసుపు పూసినప్పుడు గూడా ఇంత తెల్లంగా లేడే" అని, కాగితం చుట్టి నా చేతికి ఇచ్చి, మజ్జిగ తెచ్చి పెట్టినారు.

పటాలు ఊర్లకు పోయినాయి. మునసబులు వద్దనలేరు కదా. నెల తిరక్కుండానే ఒకరోజు నగరి వైపు నుంచి ఏడెనిమిది మంది నేతగాళ్ళు రావుబహదూరు గారి ఇంటికి వచ్చినారు. నేను ఇంకో బొమ్మ పనిమీద అక్కడే ఉన్నాను. వాళ్ళు తలలు వంచుకొని, చెప్పులు బయట విడిచి, మెల్లగా లోపలికి వచ్చి, వరండాలో కుర్చీ మీద కూర్చున్న ఆయన్ను చూసి నిలబడిపోయినారు.

"ఏంరా, మగ్గాలకు నూలు రాలేదా?" అన్నాడాయన.

వాళ్ళలో పెద్దాయన చేతులు కట్టుకొని, "లేదు సామీ. మీ పటం వచ్చింది. మెడలో పూలమాల ఉండాది. పటానికి మాల ఉందంటే మేము ఇంకేమనుకుంటాం సామీ? టెంకాయ కొట్టి, దీపం పెట్టి, అమ్మగారిని పలకరించి పోదామని వచ్చినాం" అన్నాడు.

ఆరోజు గుమాస్తా కనపడలేదు. మరుసటి దినమే పూలమాల లేకుండా ఇంకొక విడత అచ్చు వెయ్యమని కబురు వచ్చింది. రాళ్ళ మీద పూలన్నీ గీరినాం. పని అయినాక మామూలుగా అయితే రాళ్ళు నూరేసి ఇంకో బొమ్మకు వాడుకోవాల. రావుబహదూరు గారు ఒప్పుకోలేదు. "త్వరలో ఇంకా పెద్ద బిరుదు, దివాన్ బహదూరు, వస్తుంది. అప్పుడు కింద పేరు మార్చుకుంటే చాలు" అన్నాడు. అట్ల మా ఏడు మంచి రాళ్ళు, దేవుళ్ళకే రాళ్ళు చాలని యుద్ధకాలంలో, గోడకు ఆనించి మూడేండ్లకు పైగా కాచుకొని ఉన్నాయి.

దివాన్ బహదూరు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చింది.

వస్తుందని తెలిసిపోయిన జూలై నెలలో గుమాస్తా ఒక తెల్ల ఖద్దరు టోపీ చేత పట్టుకొని అచ్చాఫీసుకు వచ్చినాడు. టోపీని నా బల్ల మీద పెట్టి, "మొగం అదే. తక్కినవన్నీ మారాల" అన్నాడు.

"తక్కినవంటే?"

"తలపాగా, కోటు, పతకం. తలపాగా ఉన్నచోట ఈ టోపీ. కోటు ఉన్నచోట ఖద్దరు జుబ్బా. పతకం ఉన్నచోట ఏమీ వద్దు. కింద రావుబహదూరు తీసేసి దేశసేవకుడు అని రాయాల. పదిహేనో తేదీ పొద్దున బడిలో పటం పెట్టేది ఉండాది."

కొత్తగా గీస్తే నెలకు పైన పడుతుంది. ఉండేది ఇరవై దినాలు. పాత రాళ్ళ మీదే గీరి దిద్దాలని ఓనరు తేల్చినాడు. నేను అన్న దగ్గరికి పోయి విషయం చెప్పినాను. ఈసారైనా కాదంటాడని అనుకున్నాను. ఆయన చేతిలో పని పక్కనపెట్టి, చేతులు కడుక్కొని వచ్చినాడు.

"ఆ పతకం గీరేసే భాగ్యం ఎంతమందికి వస్తుందప్పా!" అని నవ్వినాడు.

కత్తితో గీరి, గరుకురాయితో రుద్ది, మందునీళ్ళు పోసి, మళ్ళీ రుద్దినాడు. తలపాగా పోయింది. కోటు పోయింది. పతకం దగ్గర మటుకు ఆగినాడు. పసుపు రాయినీ గోధుమ రాయినీ మార్చి మార్చి వాసన చూసినాడు. "ఈడ కొవ్వు లోపలికి దిగిపోయింది. మూడేండ్లు కూర్చునింది గదా. పైన కనపడదు గానీ లోపల ఉండాది. ఇంకా రెండు దినాలు ఇస్తే లోతుగా తీస్తాను" అన్నాడు.

"రెండు గంటలు కూడా లేవు" అన్నాడు ఓనరు. "కంటికి కనపడకపోతే చాలు. తడిపి యంత్రం మీదికి ఎక్కించండి."

తెల్ల జుబ్బా గీయడం పెద్ద పనేమీ కాదు. రాతి మీద ఏమీ గీయకుండా వదిలేస్తే కాగితం తెలుపే జుబ్బా అవుతుంది. మడతలకు కొంచెం నీలం, అంతే. మొదటి వంద కాగితాలు చక్కగా వచ్చినాయి. అమ్మవారి గులాబి రంగు మొగం మీద తెల్లటోపీ చూసి, తెలియనివాళ్ళెవరైనా చేతులెత్తి మొక్కుతారు. రెండో దినం మధ్యాహ్నం యంత్రం దగ్గర కాగితాలు తీస్తా ఉన్న నాకు ఎడమ ఎదమీద పసుపుపచ్చగా ఏదో కనపడింది. నూనె చేయి తగిలిందేమో అనుకొని ఆ కాగితం పక్కన పెట్టినాను. తరువాతి కాగితంలోనూ ఉండాది. ఆ తరువాతి దానిలో కొంచెం ఎక్కువగా. గుండ్రంగా, అంచు చుట్టూ కిరణాలు కిరణాలుగా.

రాయి లోపల దిగిన పాత కొవ్వు, రోలరు కింద నలిగి నలిగి, పైకి వస్తా ఉండాది.

ఓనరు పరుగెత్తుకొచ్చినాడు. యంత్రం ఆపి రుద్దినాం. పది కాగితాలు బాగుండేవి, మళ్ళీ వచ్చేది. "నీళ్ళు ఎక్కువ పట్టించండి" అంటాడు, "రంగు తగ్గించండి" అంటాడు, చివరికి రాయికి దండం పెట్టినాడు. అన్న గోడకు ఆనుకొని బీడీ ముట్టించుకున్నాడు. అనాల్సింది ముందే అనేసినాడు.

గుమాస్తా వచ్చి చూసినాడు. మంచి కాగితం ఇంకో రీము కూడా దొరికే రోజులు కావు. అచ్చయినవన్నీ అట్లే కట్టించుకొని, "జుబ్బా మరక మాదిరి ఉండాది. దూరంగా తగిలిస్తే ఎవురికి కనపడుతుంది?" అని తీసుకొనిపోయినాడు.

పదిహేనో తేదీ పొద్దున బడి ఆవరణలో సభ. జెండా ఎగరేసినాక ఆయన పటానికి ముసుగు తీసినారు. పటాన్ని దూరంగా తగిలించలేదు. గౌరవం కోసం వేదిక ముందరనే బల్ల మీద నిలబెట్టినారు. ఎండ సూటిగా దాని మీద పడింది. జనంలో గుసగుస మొదలైంది. కపటం ఎరగని ముసలి పంతులు ఒకాయన లేచి, "ఎదమీద ఆ పసుపుపచ్చ గుర్తు ఏమిటండీ?" అని అడిగేసినాడు.

అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఒక్క నిమిషం కూడా తడబడలేదు. వేదిక ముందరికి వచ్చి, గొంతు సవరించుకొని చెప్పినాడు.

"అయ్యగారు ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పుకోలేదు. చెప్పుకునే స్వభావం కాదు. చిత్రకారుడు గూడా దాచమంటే దాచలేకపోయినాడు. అది లాఠీ దెబ్బ గుర్తు."

జనం చప్పట్లు కొట్టినారు. ముసలి పంతులు కండ్లు తుడుచుకున్నాడు. వేదిక మీద కూర్చున్న ఆయన మొదట గుమాస్తా వైపు బిత్తరపోయి చూసినాడు. చప్పట్లు ఆగకపోయేసరికి ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. కుడివైపా ఎడమవైపా అని పటం వైపు ఒకసారి ఓరకంట చూసుకొని, ఎడమవైపు ఆనించి, తల వంచుకున్నాడు.

అన్న నవ్వు ఆపుకోలేక బడి గోడ వెనకకు పోయినాడు. నేను వెంటపోయినాను. వంకర వేళ్ళ చేత్తో నోరు మూసుకొని, కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వినాడు. "ఎవురు కొట్టినారో గూడా చెప్పింటే బాగుండు" అన్నాడు. నేను నవ్వలేకపోయినాను. వేదిక ఎక్కి ఆ గుర్తు పతకందనీ, లాఠీ దెబ్బ తగిలింది అన్నకనీ చెప్పాలని నాకు అనిపించింది నిజమే. నేను ఆరోజు ఏమీ చెప్పలేదు. ఆ తరువాతా చెప్పలేదు.

వారం తిరక్కుండా గుమాస్తా మళ్ళీ అచ్చాఫీసుకు వచ్చినాడు. ఈసారి ఇంకా పెద్ద పటం. జుబ్బా లేకుండా, భుజం మీద ఉత్తరీయంతో. దెబ్బ బాగా కనపడాల.

నేను గీయడానికి వాళ్ళింటికి పోయినాను. ఆయన ఉత్తరీయం సర్దుకొని కూర్చున్నాడు. ఎద నున్నగా ఉండాది, మా అన్న నూరిన రాయి మాదిరి. ఆయన ఏదో పనిమీద లోపలికి పోయినప్పుడు అమ్మగారు మజ్జిగ తెచ్చి పెట్టి, గొంతు తగ్గించి అడిగినారు.

"నాయనా, దెబ్బ యాడ తగిలిందంట? ముప్పై ఏండ్లుగా శనివారం శనివారం ఈ యప్పకు నూనె రుద్దేది నేనే. నాకు కనపడలేదే."

"కాగితం మీద కనపడుతుందమ్మా" అన్నాను.

ఆమె నన్ను కొంచెంసేపు చూసి, లోపలికి పోయినారు. ఆ చూపు నాకు రాయి గీరే కత్తికంటే గట్టిగా తగిలింది.

అచ్చాఫీసుకు వచ్చి అన్న ముందర కూర్చున్నాను. "ఈ పని నేను చెయ్యను అన్నా. ఓనరు ఏమన్నా అననీ" అన్నాను.

ఆయన రాళ్ళు తిప్పడం ఆపలేదు. "నువ్వు చెయ్యకపోతే ఇంకొకడు చేస్తాడు. వానికి ఎరుపు కలిపేది రాదు. దెబ్బ టమేటా మాదిరి ఉంటుంది."

"నీకు కోపం రాదా?"

"వస్తుంది. ఏం చేద్దాం, వేలు చూపిస్తా ఊరంతా తిరుగుదామా?" వంకర వేళ్ళు ఒకసారి ఎత్తి చూసుకొని, మళ్ళీ రాయి మీద ఆనించినాడు. "పోయిన నెల దేశం కోసం జైలుకు పోయినోళ్ళ పేర్లు రాసుకున్నారంట. నిజమేనని సంతకం పెట్టేది ఈ రావుబహదూరే. పేరు రాయించుకోను నేను పోలేదు. నీ పని నువ్వు చేసుకో. దెబ్బ ఎట్ల ఉంటుందో నీకు తెలీదు గదా. మొదట ఎర్రగా ఉంటుంది, తరువాత నీలం తిరుగుతుంది, మానేటప్పుడు అంచుల్లో పసుపు వస్తుంది. ఏ దినంది గీయాలో అది అడుగు ఆయన్ని."

అడిగినాను. గుమాస్తాతో ఆలోచించి, మూడోదినం దెబ్బ కావాలన్నాడు.

ఆ గాయానికే మూడు రాళ్ళు పట్టినాయి. ఎరుపు మీద నీలం, అంచున పసుపు, చుక్క చుక్కకూ నడుమ ఊపిరి బిగబట్టి గీసినాను. ఒక పొద్దు అన్న పక్కన కూర్చొని, "ఈడ ఇంకొంచెం నీలం" అని చూపించినాడు, ఆయన చూపించినట్టే వేసినాను. పటం జిల్లా అంతా పోయింది. చాలా ఇండ్లలో చాలా ఏండ్లు ఉండింది. చూసినవాళ్ళు ఆ దెబ్బ మీద వేలు పెట్టి, నొప్పి తగిలినట్టు వెనక్కి తీసుకునేవాళ్ళు. ఇన్నేండ్లు దేవుళ్ళనూ మామిడిపండ్లనూ గీసినాను గానీ, నా చేతిలో అంత నిజంగా వచ్చిన పని ఇంకొకటి లేదు.